మర్సా: ఓడ నిలిచే చోటు

కష్టం తీరినవాణ్ణి గురించి తెలుగులో "గట్టెక్కాడు" అంటాం. "ఒడ్డున పడ్డాడు" అంటాం. "దరి చేరాడు" అంటాం. ఈ మూడూ నీటి మీద పుట్టిన మాటలే. సముద్రాన్ని ఎన్నడూ చూడని పల్లెల్లో కూడా ఇవి చెల్లుబాటవుతున్నాయి. నీళ్ళ మీద ఊగిసలాడే మనిషికి కదలని నేల ఎంత అవసరమో మన భాషకు బాగా తెలుసు.

ఈ ఏడాది సంచికలో మేము అలాంటి ఒక మాటనే దాతల ముందు ఉంచుతున్నాం. అది "మర్సా" అనే అరబీ మాట. గాలికీ అలకూ చాటుగా ఉండి, ఓడ లంగరు వేసుకుని నిశ్చింతగా నిలబడగలిగిన సముద్రపు వంపును అరబ్బు నావికులు మర్సా అంటారు. తెలుగులో దీనికి దగ్గరగా రెండు మాటలున్నాయి. ఒకటి "రేవు". నీళ్ళలోకి దిగడానికి అనువైన చోటు ఏదైనా రేవే. చాకిరేవు రేవే, ఓడరేవూ రేవే. రెండోది "నౌకాశ్రయం". నౌకకు ఆశ్రయం ఇచ్చే చోటు అని దాని అర్థం. రేవు అన్నప్పుడు మనం ఒడ్డున నిలబడి నీళ్ళవైపు చూస్తాం. నౌకాశ్రయం అన్నప్పుడు ఓడవైపు నుంచి చూస్తాం. మర్సా ఈ రెండో కోవకు చెందినది. అయితే ఆ మాట పుట్టిన తీరు వేరు. ఆ తీరులోనే మనకు పనికివచ్చే విషయం ఉంది.

మాట కట్టుబడి

అరబీలో చాలా మాటలు మూడు అక్షరాల మూలం మీద నిలబడతాయి. మర్సాకు మూలం "ర-స-వ". దాని క్రియ "రసా". స్థిరంగా నిలిచాడు, కదలకుండా ఉన్నాడు అని అర్థం. ఆ మూలానికి ముందు "మ" చేరితే ఆ పని జరిగే చోటుకు పేరు వస్తుంది. ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. సజ్దా చేసే చోటు మస్జిద్. పాఠం చెప్పే చోటు మదరసా. రాతకోతలు నేర్పే చోటు మక్తబ్. దిగి బస చేసే చోటు మంజిల్. జనం కూర్చునే చోటు మజ్లిస్. అదే వరుసలో, స్థిరంగా నిలిచే చోటు మర్సా.

మొదటి అక్షరం "మి" అయితే పనిముట్టు పేరు వస్తుంది. పళ్ళు తోముకునేది మిస్వాక్, తూచేది మీజాన్. అలాగే ఓడను నిలిపే ఇనుప లంగరుకు అరబీలో "మిర్సాత్" అని పేరు. ఓడ నిలిచే చోటుకూ, ఓడను నిలిపే పనిముట్టుకూ మూలం ఒకటే.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఈ మూలంలో నీరు లేదు, తీరం లేదు, ఓడ కూడా లేదు. ఉన్నది నిలకడ ఒక్కటే. అరబ్బు నావికుడు ఆ వంపుకు పేరు పెట్టేటప్పుడు దాని ఆకారాన్ని చూడలేదు, అందాన్ని చూడలేదు. తన ఓడ అక్కడ నిలుస్తుందా లేదా అన్నదే చూశాడు.

దివ్య ఖుర్‌ఆన్‌లో ఈ మూలం

ఈ మూలం దివ్య ఖుర్‌ఆన్‌లో పలుచోట్ల వస్తుంది. భూమి మీద పాతుకుని నిలిచిన పర్వతాలను ఖుర్‌ఆన్ "రవాసీ" అంటుంది. సూరా నహ్ల్, సూరా లుఖ్మాన్, సూరా ఖాఫ్ వంటి అనేక సూరాలలో ఈ పదం ఉంది. సూరా నాజిఆత్‌లో ఇదే మూలం రెండుసార్లు వస్తుంది. 32వ ఆయత్‌లో పర్వతాలను స్థిరంగా నాటడం గురించి, 42వ ఆయత్‌లో ప్రళయ ఘడియ ఎప్పుడు వచ్చి నిలుస్తుందని జనం అడిగే ప్రశ్న గురించి. ఆ ఘడియను రేవుకు రావలసిన ఓడలాగా చెప్పడం ఆ రెండో చోట కనిపిస్తుంది.

సూరా సబా 13వ ఆయత్‌లో మరొక ముచ్చటైన ప్రయోగం ఉంది. హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలామ్) కోసం తయారైన వస్తువుల వరుసలో, ఉన్నచోటు నుంచి కదలని పెద్ద పెద్ద వంటపాత్రల ప్రస్తావన వస్తుంది. ఆ పాత్రలకు వాడిన విశేషణం "రాసియాత్". పొయ్యి మీద నుంచి దించలేనంత పెద్ద దేగ్‌ను ఊహించుకుంటే చాలు. వందలమందికి అన్నం పెట్టే పాత్ర కూడా, పర్వతంలాగే, ఓడరేవులాగే స్థిరమైనది.

వీటన్నిటిలో సముద్రానికి నేరుగా సంబంధించినది సూరా హూద్ 41వ ఆయత్. హజ్రత్ నూహ్ (అలైహిస్సలామ్) తనవారిని ఓడ ఎక్కమంటూ, దాని నడకా నిలకడా రెండూ అల్లాహ్ పేరుతోనే అని చెప్పే సందర్భం అది. ఓడ నడవడానికి వాడిన పదం, ఓడ నిలవడానికి వాడిన పదం అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. రెండోది "ముర్సా". మర్సాకు తోబుట్టువు అనదగిన రూపం. మొదటి పదాన్ని మన దగ్గర పిల్లలు "మజ్‌రేహా" అని చదువుతారు. మన దేశంలో వాడుకలో ఉన్న హఫ్స్ పఠన పద్ధతిలో అచ్చును అలా "ఏ" వైపు వంచి పలకవలసిన చోటు ఖుర్‌ఆన్ మొత్తంలో ఇదొక్కటే. అందుకే ఉస్తాద్‌లు ఆ ఆయత్ దగ్గర ఆగి, ఆ పలుకును ప్రత్యేకంగా నేర్పిస్తారు. మనలో చాలామందికి ఆ పదం చెవిలో నిలిచిపోయి ఉంటుంది. దాని పక్కనే ఉన్న జంటపదం లంగరు వేసే చోటుకు చుట్టమని మాత్రం అంతగా గుర్తుండదు.

ఆ తరువాతి ఆయత్‌లలోనే నూహ్ (అలైహిస్సలామ్) కుమారుడి ఉదంతం ఉంది. ఓడ ఎక్కనన్నాడు, కొండ ఎక్కి నీళ్ళ నుంచి తప్పించుకుంటానన్నాడు. మునిగిపోయాడు. పర్వతం స్థిరమైనదే. కానీ దగ్గర స్థిరమైనదేదో ఉన్నంత మాత్రాన అది ఆశ్రయం అయిపోదని ఆ ఉదంతం చెబుతోంది.

నేల ఇచ్చే చాటు

మర్సా అనే మాట ఎక్కువగా వినిపించేది ఎర్ర సముద్రం తీరాన. ఈజిప్టులోని మర్సా ఆలమ్ ఆ తీరంలోదే. అక్కడ ఇన్ని మర్సాలు ఎందుకున్నాయో తెలుసుకుంటే ఆ మాట బరువు తెలుస్తుంది.

ఎర్ర సముద్రం ఒడ్డు పొడవునా పగడపు దిబ్బలు గోడ కట్టినట్టు ఉంటాయి. అవి నీటికి కొద్దిగా కింద ఉండి, చెక్క ఓడ అడుగును చీల్చేస్తాయి. అయితే పగడానికి తేట ఉప్పునీరు కావాలి. ఎడారిలో ఎప్పుడో ఒకసారి కురిసే వానకు వాగులు ఒక్కుమ్మడిగా పొంగి, బురదనూ మంచినీటినీ సముద్రంలోకి తోస్తాయి. వాటిని అరబ్బులు వాదీలంటారు. వాదీ సముద్రంలో కలిసే చోట పగడం సరిగా పెరగదు. అక్కడ గోడకు సందు పడుతుంది. పైగా సుమారు 20 వేల ఏళ్ళ క్రితం, మంచుయుగంలో, సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. అప్పటి వాగులు లోతైన లోయలను తొలిచాయి. తరువాత సముద్రం పైకి వచ్చి ఆ లోయల నోళ్ళను నింపింది. అలా పగడపు గోడ వెనుక, ఒక సన్నని దారి గుండా మాత్రమే ప్రవేశించగల ప్రశాంతమైన నీటి వంపులు ఏర్పడ్డాయి. అవే మర్సాలు.

ఇటువంటి వంపుకు అక్కడ "షర్మ్" అనే పేరు కూడా ఉంది. సినాయ్‌లోని షర్మ్ అల్ షేక్ పేరు అందరూ విన్నదే. ఆ మాటకు మూలం చీల్చడం, గాటు పెట్టడం. సూరా ఫీల్ సందర్భంలో మనం వినే అబ్రహాకు "అష్రమ్" అనే మారుపేరు ఉండేది. ముఖం మీద తగిలిన గాటు వల్ల వచ్చిన పేరు అది. మూలం ఒకటే. పర్షియన్ గల్ఫ్ వైపు ఇటువంటి నీటిపాయను "ఖోర్" అంటారు. దుబాయి నగరం మధ్యలోకి చొచ్చుకువచ్చిన నీటిపాయ పేరు ఖోర్ దుబాయ్. అక్కడ పనిచేస్తున్న మన తెలుగువారు ఎందరో పడవలో దాన్ని దాటే ఉంటారు.

మూడు పేర్లూ ఒకే విధమైన వంపుకు వాడతారు. షర్మ్ అంటే తీరానికి పడ్డ గాటు. ఖోర్ అంటే లోపలికి వచ్చిన నీరు. మర్సా ఒక్కటే అక్కడికి చేరిన ఓడ గురించి మాట్లాడుతుంది.

షుఐబా, ఐజాబ్

ఇస్లాం చరిత్రలో మొదటి హిజ్రత్ సముద్రం మీద జరిగింది. మక్కాలో హింస భరించలేక క్రీ.శ. 615 ప్రాంతంలో కొందరు విశ్వాసులు అబిసీనియాకు బయలుదేరారు. జిద్దా ఇంకా మక్కాకు రేవు కాని రోజులవి. అప్పటి రేవు షుఐబా. తబరీ చరిత్రలో ఉన్న కథనం ప్రకారం ఆ మొదటి జట్టులో పదకొండుమంది పురుషులు, నలుగురు స్త్రీలు ఉన్నారు. వారు రహస్యంగా షుఐబా చేరేసరికి అక్కడ రెండు వర్తకపు ఓడలు సిద్ధంగా ఉన్నాయి. అర దీనారు కిరాయికి ఆ ఓడలవారు వారిని ఎక్కించుకున్నారు. ఖురైషీలు వెంటబడి తీరానికి వచ్చేసరికి ఓడలు వెళ్ళిపోయాయి. ఆవలి ఒడ్డున నజాషీ రాజు వారికి ఆశ్రయం ఇచ్చాడు. ఆ ఓడల యజమానుల పేర్లు మనకు తెలియవు. వారు వర్తకులు. కిరాయి తీసుకున్నారు. అయినా సమయానికి ఆ రేవులో ఉన్నారు, అడిగినవారిని కాదనలేదు.

తరువాత క్రీ.శ. 647లో హజ్రత్ ఉస్మాన్ (రజి) జిద్దాను మక్కాకు రేవుగా ఏర్పాటు చేశారు. నాటి నుంచి హాజీల ఓడలన్నీ ఆ పగడపు సందుల గుండానే లోపలికి రావలసి వచ్చింది.

ఆ దారి గురించి కళ్ళకు కట్టినట్టు రాసినవాడు అందలూసియా యాత్రికుడు ఇబ్న్ జుబైర్. 1183లో అతను ఆఫ్రికా ఒడ్డున ఉన్న ఐజాబ్ రేవు నుంచి జిద్దాకు ఓడలో వెళ్ళాడు. ఆ ఓడలకు మేకులుండవనీ, కొబ్బరి పీచుతో పేనిన తాడుతో పలకలను కుట్టేవారనీ, ఆ కలప ఇండియా నుంచీ యమన్ నుంచీ వచ్చేదనీ రాశాడు. పగడపు దిబ్బల మధ్య ఇరుకు దారుల్లో ఓడను తిప్పుతూ నడిపే సరంగుల నేర్పును మెచ్చుకున్నాడు.

అయితే ఐజాబ్ రేవు మనుషుల గురించి అతను రాసింది చేదుగా ఉంటుంది. హాజీలను కోళ్ళ గంపలో కోళ్ళను కుక్కినట్టు ఓడల్లో కుక్కేవారట. ఒక్క ప్రయాణంలోనే ఓడ ఖరీదు రాబట్టుకోవాలన్న ఆశ. ఆ తరువాత ఓడ ఏమైనా, అందులోని జనం ఏమైనా వారికి పట్టేది కాదట. రేవు అదే, సముద్రం అదే, ప్రయాణం అల్లాహ్ ఇంటికే. ఒడ్డున ఉన్న మనుషులు దాన్ని ఉచ్చుగా మార్చారు. షుఐబా, ఐజాబ్ రెండూ ఒకే సముద్రం మీది రేవులు. ఆ రెంటి మధ్య తేడా పెట్టింది నేల కాదు, మనుషులే.

పడమటికి వెళ్ళిన మాట

అరబ్బులతోపాటు ఈ మాట మధ్యధరా సముద్రమంతా తిరిగింది. ఈజిప్టు ఉత్తర తీరాన మర్సా మత్రూహ్, ట్యునీషియాలో లా మర్సా, అల్జీరియాలో మెర్స్ ఎల్ కబీర్. చివరిదాని అర్థం పెద్దరేవు అనే. సిసిలీలోని మర్సాలా ఊరి పేరును కొందరు "అలీ రేవు" అనీ, కొందరు "అల్లాహ్ రేవు" అనీ వివరిస్తారు.

వీటిలో మాల్టా ద్వీపం ముచ్చట ప్రత్యేకమైనది. అక్కడి జనం క్రైస్తవులు. వారి భాష మాత్రం సిసిలీ అరబీ నుంచి పుట్టి, రోమన్ లిపిలో రాయబడుతున్నది. అక్కడ మర్సా, మర్సస్కాలా, మర్సష్లొక్ అనే ఊళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. "ష్లొక్" అంటే ఆగ్నేయం, ఆ దిక్కు నుంచి వీచే గాలి. మర్సష్లొక్ అంటే ఆగ్నేయపు రేవు. 1989 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు బుష్, సోవియట్ నాయకుడు గోర్బచేవ్ సమావేశమైనది ఈ రేవులో లంగరు వేసిన ఓడ మీదనే. ఆ రెండు రోజులూ పెద్ద తుఫాను రేగింది. ఒక ఓడ నుంచి మరొక ఓడకు వెళ్ళడమే కష్టమై సమావేశాలు కొన్ని ఆగిపోయాయి. మర్సా అని పేరున్నంత మాత్రాన అన్ని గాలుల నుంచీ కాపాడదు. ప్రతి వంపుకూ ఒక తెరిచిన నోరు ఉంటుంది. ఆ నోటికి ఎదురుగా గాలి వీస్తే చాటు పనిచేయదు. అనుభవం ఉన్న సరంగు ముందుగా అడిగేది "ఇది ఏ గాలికి చాటు?" అని.

మన బందరు

అరబీ మర్సా తెలుగులోకి రాలేదు. దాని బదులు పారశీకం నుంచి రెండు మాటలు వచ్చి, ఇంటి మాటలైపోయాయి. ఒకటి బందరు, రెండోది లంగరు.

పారశీకంలో "బందర్" అంటే ఓడరేవు. నిఘంటుకారులు దీన్ని "బంద్" అనే మాటతో ముడిపెడతారు. కట్టడం, కట్ట అని దాని అర్థం. మనం వాడే బంద్, బందోబస్తు, బందిఖానా అన్నీ ఆ కుదురులోవే. హిందీలో కోతిని బందర్ అంటారు కానీ, అది వానర శబ్దం నుంచి వచ్చిన వేరే మాట. ఓడరేవు బందర్ మాత్రం హిందూ మహాసముద్రమంతా తిరిగింది. ఇరాన్‌లో బందర్ అబ్బాస్, గుజరాత్‌లో పోరుబందరు, బ్రూనై రాజధాని బందర్ సెరీ బెగావాన్. మలయ్ భాషలో బందర్ అంటే పట్టణం. తూర్పు ఆఫ్రికా స్వాహిలీలో బందారీ అంటే రేవు. రేవు అధికారిని షాబందర్ అనేవారు. 16వ శతాబ్ది తొలినాళ్ళలో మలక్కా రేవు గురించి రాసిన పోర్చుగీసు రచయిత తోమే పిరెస్, అక్కడ నలుగురు షాబందర్లు ఉండేవారని చెప్పాడు. గుజరాతీలకు ఒకరు, మన కోరమండల్ తీరంవారికీ బెంగాలు, పెగూ వర్తకులకూ ఒకరు, ఇలా పంచుకున్నారు. వచ్చిన వర్తకుడికి సరుకు దాచుకునే చోటూ, ఉండడానికి బసా చూపించడం షాబందర్ పనిలో భాగం. పన్ను వసూలు చేసే చెయ్యే బస కూడా చూపించేది.

మన తెలుగు తీరాన మచిలీపట్నాన్ని జనం ఇప్పటికీ బందరు అనే పిలుస్తారు. బందరు లడ్డు, బందరు రోడ్డు, బందరు కాలువ అన్నీ ఆ మాట మీదే. గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలో అది రాజ్యానికి ప్రధాన రేవు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అక్కడ కోఠీ పెట్టింది. అక్కడి నుంచి ఓడలు కలంకారీ బట్టలతో పర్షియాకూ, ఎర్ర సముద్రపు రేవులకూ, తూర్పున పెగూ, ఆచే రేవులకూ వెళ్ళేవి.

కానీ బందరు తీరం లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా, చాటు లేని సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకును చిన్న పడవల్లో తెచ్చేవారు. పేరులో ఉన్న రక్షణ ఆ నేలలో లేదు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన తుఫానులో సముద్రం ఊరి మీదికి వచ్చి సుమారు 30 వేలమందిని మింగేసింది. 1977 నవంబరు 19న ఆ పక్కనే దివిసీమలో ఉప్పెన వచ్చి దాదాపు 10 వేలమంది ప్రాణాలు కోల్పోయారు. దివిసీమ ఉప్పెన తరువాత తీరం వెంబడి తుఫాను షెల్టర్లు కట్టారు. చాటు లేని తీరానికి మనుషులు కట్టి ఇచ్చిన మర్సాలు అవి.

లంగరు: ఇనుమూ, అన్నమూ

"లంగరు" కూడా పారశీకమే. ఓడను నిలిపే బరువైన కొక్కెం అని మనకు తెలిసిన అర్థం. పారశీకంలో దీనికి మరో అర్థం ఉంది. సూఫీ ఫకీర్ల ఆశ్రమాన్నీ, అక్కడ వచ్చినవారికల్లా పెట్టే అన్నాన్నీ కూడా లంగర్ అంటారు. ఖాన్‌ఖాహ్‌లలో, దర్గాలలో నడిచే లంగర్‌ఖానాలు అవే. సిక్కుల గురుద్వారాలలో అందరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టి పెట్టే భోజనం పేరు కూడా లంగరే. అన్నం దొరికే చోటు దారి తప్పినవాడిని నిలబెడుతుంది కనుక ఆ రెంటికీ ఒకే మాట చెల్లింది. సులైమాన్ (అలైహిస్సలామ్) కదలని పాత్రలకు ఖుర్‌ఆన్ రేవు మాటకు చుట్టమైన మాట వాడితే, పారశీకులు అన్నశాలకు ఓడ లంగరు పేరే పెట్టుకున్నారు. భాషలు వేరు, ఆలోచన ఒకటే.

హైదరాబాదులో ఈ మాటకు మరో కథ ఉంది. అబ్దుల్లా కుతుబ్ షా (పాలన 1626–1672) చిన్నతనంలో ఎక్కిన ఏనుగు మదమెక్కి అడవిలోకి పరుగెత్తిందనీ, అతని తల్లి హయాత్ బక్షీ బేగం, బిడ్డ క్షేమంగా తిరిగివస్తే ఏనుగు గొలుసంత బరువుగల బంగారు గొలుసు చేయించి పేదలకు పంచుతానని మొక్కుకుందనీ చెబుతారు. ఆ గొలుసు పేరు లంగర్. బిడ్డ తిరిగివచ్చాడు. గొలుసును ఊరేగింపుగా హుస్సేనీ ఆలమ్‌కు తీసుకువెళ్ళి పేదలకు పంచారంటారు. మొహర్రం నెలలో నడిచిన లంగర్ ఊరేగింపుకు అదే మూలమని చెబుతారు. ఏనుగును కట్టేసే గొలుసు తునకలై పేదల చేతికి చేరిందన్నది ఈ కథలోని సారం.

విశాఖలో రెండు పాత ఓడలు

తెలుగు తీరంలో ప్రకృతి ఇచ్చిన చాటు ఎక్కడైనా ఉందంటే అది విశాఖపట్నంలో. డాల్ఫిన్ నోస్ కొండ దక్షిణం వైపు నుంచి వచ్చే అలలకు అడ్డంగా సముద్రంలోకి చొచ్చుకుని ఉంటుంది. రేవు ముఖద్వారం దగ్గరి కొండమీద హజ్రత్ ఇస్‌హాఖ్ మదీనా దర్గా ఉంది. రేవులోకి వచ్చే ఓడలూ, బయటికి వెళ్ళే ఓడలూ తమ జెండాను మూడుసార్లు దించి ఎత్తి ఆ దర్గాకు గౌరవం చూపేవని పాత జిల్లా గెజిటీర్లలో రాశారు. రేవు దాటే నావికుడికి అక్కడ ఎవరో తనను చూస్తున్నారన్న ధైర్యం కావాలి కాబోలు.

ఇక్కడ కూడా కొండ ఒక్కటే సరిపోలేదు. 1933లో ప్రారంభమైన ఆధునిక నౌకాశ్రయానికి ముఖద్వారం దగ్గర అలలనూ కొట్టుకువచ్చే ఇసుకనూ ఆపడం పెద్ద సమస్య అయింది. ఇంజనీర్లు రెండు పాత ఓడలను తెచ్చి అక్కడే ముంచి, వాటిని అడ్డుగట్టుకు ఆధారంగా నిలిపారు. సముద్రమంతా తిరిగిన ఆ ఓడలు తమ ప్రయాణం చాలించి నీటి అడుగున కదలకుండా కూర్చున్నాయి. వాటి చాటున వేరే ఓడలు వచ్చాయి, వెళ్ళాయి.

మన ధర్మంలో వఖ్ఫ్ అనే ఏర్పాటు ఉంది. ఆస్తిని అమ్మకుండా, పంచకుండా, ఉన్నచోట నిలిపివేసి, దాని ఫలాన్ని మాత్రం పేదలకు అందించడం. వఖ్ఫ్ అన్న మాటకు అర్థం కూడా ఆపడం, నిలపడమే. విశాఖలో మునిగిన ఆ ఓడలను తలచుకుంటే ఆ మాట మాకు మరింత బాగా అర్థమవుతుంది.

మర్సా మనకు చెప్పేది

ఏ మర్సాలోనూ ఓడ శాశ్వతంగా ఉండదు. తెరచాప కుట్టుకుంటుంది, మంచినీళ్ళు నింపుకుంటుంది, గాలి తిరిగే వరకు ఆగుతుంది, బయలుదేరుతుంది. సూరా హూద్‌లో నడకా నిలకడా జంటగా ఉన్నది అందుకే అనిపిస్తుంది. నిలకడ లేని నడక మునకే. మళ్ళీ నడవనివ్వని నిలకడ చెర. ఓడ కట్టిన తాడు ఎంత గట్టిదైనా, వెళ్ళవలసిన వేళకు విప్పగలిగేదై ఉండాలి.

దానం చేసేవారికీ, ఆ దానాన్ని చేరవేసే మాబోటి సంస్థలకూ ఇది గుర్తుండవలసిన విషయం. విధవరాలికి ఒక నెల సరుకులివ్వడం మేలే. ఆమెకు కుట్టుమిషనూ, ఆ పనిలో నేర్పూ చేరితే ఆమె ఓడ మళ్ళీ కదులుతుంది. పేద విద్యార్థికి ఫీజు కట్టడం మేలే. చదువు పూర్తయ్యే దాకా చెయ్యి వదలకుండా ఉంటే అతను తనవారికి తానే రేవు అవుతాడు. ఇచ్చినదానికి ఎప్పటికీ తలవంచుకుని ఉండాలని కోరితే మాత్రం, మనం ఐజాబ్ రేవు మనుషులమవుతాం. "ఇది ఏ గాలికి చాటు?" అన్న సరంగు ప్రశ్న మనమూ వేసుకోవాలి. జబ్బు గాలికి చాటైనది అప్పుల గాలికి చాటు కాకపోవచ్చు. ఒక సంస్థ అన్ని గాలులనూ ఆపలేదు. ఏ దిక్కు తెరిచి ఉందో తెలిసి, ఆ దిక్కున మరొక అడ్డుగట్టు వేయగలగాలి. ఆ గట్టుకు రాయి మోసేవారు దాతలే.

షుఐబా రేవులో ఆ రోజు రెండు ఓడలు ఉన్నాయి. అవి ఎవరివో చరిత్ర రాయలేదు. వాటి మీద గట్టెక్కినవారి గురించి మాత్రం 1,400 ఏళ్ళుగా చెప్పుకుంటున్నాం. మీరిచ్చిన ప్రతి రూపాయినీ అల్లాహ్ అటువంటి లెక్కలో రాయుగాక. మన నడకా నిలకడా రెండూ ఆయన పేరుతోనే సాగుగాక. ఆమీన్.